తల్లి ఖాతాకు వందనం, తల్లి చదువుకు దణ్ణం

బళ్ళు తెరిచే రోజులు వచ్చాయంటే మా పశ్చిమ గోదావరి జిల్లాలో తల్లుల పరపతి ఒక్కసారిగా పెరిగిపోతుంది. బీరువాల్లో చీరల కింద మడిచిపెట్టిన బ్యాంకు పాసుపుస్తకాలు బయటికొస్తాయి. ఏడాది పొడుగునా "నీకేం తెలుసు, నువ్వూరుకో" అనిపించుకున్న ఇల్లాలిని "ఏమోయ్, నీ ఖాతాలో పడ్డాయా?" అని భర్తగారే మెత్తగా పలకరిస్తారు. 2020 జనవరిలో 'అమ్మ ఒడి' అని పేరుపెట్టి, పిల్లల్ని బడికి పంపే తల్లికి ఏడాదికి 15,000 రూపాయలన్నారు. ప్రభుత్వం మారింది, పేరూ మారింది. 2025 జూన్ 12న 'తల్లికి వందనం' అన్నారు. ఇంట్లో ఎంతమంది పిల్లలు చదువుకుంటూ ఉంటే అంతమందికీ తలకు 15,000; అందులో బడి నిర్వహణకని 2,000 పట్టుకుని, మిగిలిన 13,000 తల్లి ఖాతాలో వేశారు. పిల్లవాడి హాజరు నూటికి 75 ఉండాలన్నది షరతు.

ఈ పథకాలను నేను తప్పు పట్టబోవడంలేదు సుమండీ. ఆ డబ్బు తండ్రి చేతిలో పెడితే ఏ కొట్టు ముందు ఆగిపోతుందో ఎరిగినవాళ్ళే తల్లి పేరున వెయ్యాలని తలపెట్టి ఉంటారు. మంచి పనే చేశారు. నా పేచీ వేరు. ఆ తల్లే, "బాబూ, నేనూ తొమ్మిదో తరగతిలో ఆగిపోయాను, నాకూ చదువుకోవాలని ఉంది, నాకేమైనా ఇస్తారా?" అని అడిగిందనుకోండి. అప్పుడా వందనం పెట్టిన చేతులే దణ్ణం పెట్టేస్తాయి. వందనానికీ దణ్ణానికీ తేడా ఏమిటంటారా? మొదటిది "రండి" అనడానికి, రెండోది "ఇక వెళ్ళిరండి" అనడానికి.

మా డెల్టాలో కాలువలకు తూములుంటాయి. నీళ్ళన్నీ తూములోంచే పొలాలకు పోతాయి. అంతమాత్రాన తూముకు దాహం తీరిందని ఎవరూ అనరు. మన పథకాల్లో తల్లి అచ్చం అలాంటి తూమే. డబ్బంతా ఆవిడ పేరుమీదుగా పోతుంది. ఆవిడ దగ్గర చుక్క ఆగదు.

ఇంతకీ చదువు ఆగిపోయిన తల్లులు ఎంతమంది ఉంటారు, వీళ్ళకోసం ఇంత గొంతు చించుకోవాలా అని మీకు అనిపించవచ్చు. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలిన మాట చెబుతాను. మన ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ వయసు స్త్రీలలో నూటికి 29.3 మందికి పద్దెనిమిదేళ్ళు నిండకుండానే పెళ్ళయిపోయింది. అదే సర్వే ప్రకారం దేశం మొత్తంమీద పదేళ్ళైనా చదువుకున్న స్త్రీలు నూటికి 41 మందే. ఇదేమీ మా అమ్మమ్మల కాలం నాటి లెక్క కాదండీ. మన కళ్ళముందు స్కూటీల మీద తిరిగే పిల్లల లెక్క. పెళ్ళికి ముందు మానిపించిన చదువును పెళ్ళయ్యాక ఎవరు పట్టించుకుంటారు?

మా ఉండిలో తెల్లవారుజామున వీధిలో నిలబడితే తెలుస్తుంది. రొయ్యల షెడ్లకు ఆడవాళ్ళను తీసుకుపోయే వ్యాన్లు వస్తాయి. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు, కొల్లేటి లంకల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, టిఫిను క్యారేజీలు పట్టుకుని ఎక్కుతారు. పొద్దల్లా ఐసు నీళ్ళలో చేతులుపెట్టి రొయ్యలు ఒలుస్తారు. ఆ రొయ్య సముద్రాలు దాటి అమెరికా వెళుతుంది. ఒలిచిన మనిషి మళ్ళీ సాయంత్రానికి ఉండి చేరుతుంది. మా ఊళ్ళో చేపల మీద పరిశోధన చెయ్యడానికి కేంద్రం ఉంది. సేద్యానికి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఎరువు ఎంత, మేత ఎంత, రోగం వస్తే మందు ఎంత అని అన్నిటికీ లెక్కలున్నాయి. ఆ వ్యాను ఎక్కే మనిషి చదువు ఏ క్లాసులో ఆగింది, తిరిగి మొదలుపెట్టాలంటే ఎంతవుతుంది అన్న లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఆ వ్యాను ఎక్కేవాళ్ళలో మా వీధి అమ్మాయి ఒకతె ఉంది. పేరు రాయను. ముప్పై ఒకటో ఏడు. ఇద్దరు పిల్లలు. అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం చెయ్యాలని ఆవిడ కోరిక. ఆ ఉద్యోగ ప్రకటనలు ఎప్పుడైనా చదివారా? అభ్యర్థిని పెళ్ళయినదై ఉండాలి, అదే ఊరి మనిషై ఉండాలి, పదో తరగతి పాసై ఉండాలి, వయసు 21కీ 35కీ మధ్య ఉండాలి. పెళ్ళయింది, ఊరిదే, వయసూ ఉంది. లేనిదల్లా పది. ఆ పది ఎందుకు లేదయ్యా అంటే, పెళ్ళి చేశారు కనుక! పెళ్ళి కావాలనీ అడుగుతారు, పెళ్ళివల్ల పోయిన చదువూ అడుగుతారు. పోగొట్టుకున్న దాన్ని తిరిగి సంపాదించుకోవడానికి ఆవిడకు మిగిలింది నాలుగేళ్ళు.

ఆ అమ్మాయికి తోడుగా నేనొక కార్యాలయానికి వెళ్ళాను. ఏ కార్యాలయమో చెప్పను, ఎక్కడికి వెళ్ళినా ఇదే జరుగుతుంది కనుక. గుమాస్తా గారు మర్యాదస్థులే. కుర్చీ చూపించి, "ఏమ్మా, స్కాలర్‌షిప్ అబ్బాయికా, అమ్మాయికా?" అన్నారు.

"నాకేనండీ," అంది ఆ అమ్మాయి.

ఆయన నావైపు చూశారు. పక్క బల్ల ఆయన ఫైలు మూసి మరీ చూశారు. "నీకా తల్లీ? ఇందులో విద్యార్థి పేరు, తల్లి పేరు అని వేరువేరు గళ్ళున్నాయమ్మా!" అన్నారు. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే ఆ రెండు గళ్ళలో ఒకే మనిషి ఉండవచ్చునన్న ఊహ ఆయనకు ఎన్నడూ రాలేదు. ఆ కాగితం అచ్చు వేయించినవాళ్ళకూ వచ్చి ఉండదు.

ఆయన మాట పక్కనపెట్టి నేను నిబంధనలు చదవడం మొదలుపెట్టాను. నవలలు రాసే మనిషిని కనుక పేజీలు తిప్పడం అలవాటే. తిప్పగా తిప్పగా తేలిందేమిటంటే, తల్లిని బయట నిలబెట్టడానికి పెద్ద కుట్రేమీ అక్కర్లేదు, రెండు మాటలు చాలు. ఒకటి 'వయసు', రెండోది 'రెగ్యులర్'.

చూడండి. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళవరకూ హక్కు అంది. పదిహేనో ఏడు రాగానే ఆ హక్కు అయిపోయింది. ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పంటే రోజూ బళ్ళో కూర్చునే పిల్లలకు. పోస్ట్‌మెట్రిక్ అంటే పది పాసయ్యాక. తొమ్మిదిలో ఆగి ఇంట్లో కూర్చుని పది రాసే తల్లి అందులోనూ లేదు, ఇందులోనూ లేదు. పోనీ ఎలాగో పదీ ఇంటరూ గట్టెక్కి డిగ్రీ చదువుదామంటే, కాలేజీ విద్యార్థులకు కేంద్రం ప్రతిభ చూసి ఇచ్చే స్కాలర్‌షిప్ రెగ్యులర్ కోర్సులకే, దూరవిద్యకు లేదు. 2019లో మన రాష్ట్రం 'విద్యా దీవెన' ఉత్తర్వు వేసినప్పుడూ దూరవిద్య, కరస్పాండెన్స్ కోర్సుల వాళ్ళకు వర్తించదని రాసింది. మరి పిల్లల తల్లి కూలి మానుకుని రోజూ కాలేజీకి ఎలా వెళుతుంది? ఆవిడకు వీలయ్యే చదువేమో దూరవిద్య. సాయమేమో దానికి తప్ప అన్నిటికీ!

దూరవిద్యకు సాయం చెయ్యడం అసాధ్యమేమో అనుకునేరు. షెడ్యూల్డు కులాల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పుకు 2010లో కేంద్రం సవరించిన నిబంధనల్లో కరస్పాండెన్స్ విద్యార్థులకు కోర్సు ఫీజుతో పాటు పుస్తకాలకని ఏడాదికి 1,200 రూపాయలు కూడా రాశారు. అంటే రాసే కలానికి మనసుంటే రాయవచ్చునన్నమాట.

ఇంకో చిత్రం. మేడమీద మాత్రం దీపాలు బాగానే వెలిగించారు. పిహెచ్‌.డి. చేసే స్త్రీకి ప్రసవానికీ పిల్లల పెంపకానికీ 240 రోజుల సెలవు, పరిశోధన పూర్తిచెయ్యడానికి అదనంగా రెండేళ్ళ గడువు ఇవ్వాలని 2016లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ నియమం పెట్టింది. సంసారం వల్ల పరిశోధన మానేసిన స్త్రీ శాస్త్రజ్ఞులు తిరిగి రావడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2002 ప్రాంతాల నుంచీ ప్రత్యేకంగా ఫెలోషిప్పులు పెట్టింది. రెండూ మెచ్చుకోవలసినవే. వాటిలో ఒప్పుకున్న సత్యం ఒకటుంది: పిల్లలను కనడం వల్ల ఆడదాని చదువు వెనకబడుతుంది, ఆ నష్టం పూడ్చడం సర్కారు బాధ్యత అని. అదే సత్యం పిహెచ్‌.డి. చేసే ఆవిడ విషయంలో నిజమై, రొయ్యలు ఒలిచే ఆవిడ విషయంలో అబద్ధమెలా అవుతుంది? మేడమీద దీపం పెట్టి మెట్లను చీకట్లో వదిలేస్తే పైకెక్కేదెవరు?

పూర్వం మనవాళ్ళకు ఈ మాత్రం ఆలోచన లేకపోలేదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి గారికి ఎనిమిదో ఏటనే పెళ్ళి చేశారు. ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు అన్నీ అయ్యాకనే ఆవిడ మెట్రిక్కు పుస్తకాలు పట్టుకున్నారు. వాల్తేరులో బి.ఏ.లో చేరబోతే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారట. పత్రికలో ప్రకటన వేయించి, తనలాంటి అమ్మాయిలను పోగుచేసి, తామే హాస్టలు పెట్టుకున్నారు. ఆ తర్వాత లా కూడా పూర్తిచేశారు. తాను పడ్డ పాట్లు మరచిపోలేదు కనుకనే, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యాక, 1958లో ఆ బోర్డు చదువు ఆగిపోయిన స్త్రీలకోసం 'కండెన్స్‌డ్ కోర్సులు' మొదలుపెట్టింది. స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటిచ్చి, రెండేళ్ళలో మెట్రిక్కు పరీక్షకు కూర్చోబెట్టే ఏర్పాటు. ఎందరో వితంతువులు, భర్తలు వదిలేసినవాళ్ళు, పిల్లల తల్లులు ఆ తరగతుల్లోంచి నర్సులుగా, గ్రామసేవికలుగా, టీచర్లుగా బయటికొచ్చారు. 1982లో హైదరాబాదులో పెట్టిన ఓపెన్ యూనివర్సిటీ, దేశంలో మొట్టమొదటిది, ఇంటర్ చదవనివాళ్ళకు సైతం అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది.

ఆ సంక్షేమ బోర్డు ఏమైందని అడుగుతారా? 2022లో మూసేశారు. దాని పనులన్నీ వేరే పథకాలు చేస్తాయన్నారు కాబోలు. మా వీధి అమ్మాయి మాత్రం ఏ పథకం గుమ్మం ఎక్కాలో తెలియక ఆ రోజు నాతో పాటు తిరిగి వచ్చేసింది.

ఇక అభ్యంతరాల సంగతి చూద్దాం. అవి ఎప్పుడూ మూడే.

మొదటిది, "ఈ వయసులో చదువేమిటండీ?" కేరళలో కార్త్యాయని అమ్మ గారు 2018లో తొంభై ఆరో ఏట అక్షరాస్యత పరీక్ష రాసి నూటికి 98 మార్కులు తెచ్చుకుంటే దేశమంతా చప్పట్లు కొట్టింది. తొంభై ఆరేళ్ళావిడ చదివితే ముచ్చట. ముప్పై ఒకటేళ్ళావిడ చదివితే ముదనష్టమా? అసలు సంగతి నాకు తెలుసు. తొంభై ఆరేళ్ళావిడ చదువుకున్నా ఉద్యోగం అడగదు. ఇంట్లో అన్నం వండేదెవరన్న ప్రశ్న రాదు. ముప్పై ఏళ్ళావిడ చదివితే రెండూ వస్తాయి.

రెండోది, "ముందు పిల్లల చదువు చూసుకోవాలి కదా!" ఈ మాట మన ఆడవాళ్ళే ఎక్కువగా అంటారు. తల్లికి చదువొస్తే పిల్లల చదువు పాడవుతుందని ఎవరు చెప్పారండీ? ట్యూషను మాస్టారికి నెలనెలా పోసే డబ్బు దేనికి? ఇంట్లో లెక్క చెప్పే మనిషి లేకనే కదూ! అంతెందుకు, తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకోవడానికి కూర్చున్న తల్లులు సారా దుకాణం మీదికి లేచారు. ఆ కదలిక జిల్లాలు దాటి 1993 అక్టోబరు నాటికి రాష్ట్రమంతటా సారా నిషేధించేదాకా వెళ్ళింది. రాత్రిబడి పలకా బలపం చేసిన పని అది. దానివల్ల పిల్లలకు నష్టం జరిగిందా, లాభం జరిగిందా?

మూడోది, "డబ్బెక్కడిది?" ఈ ప్రశ్న అడగడానికి మా భీమవరం, ఉండి ప్రాంతం వాళ్ళకు మాత్రం హక్కు లేదు. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందాల బరుల్లో చేతులు మారే సొమ్ము కోట్లలో అని ఏటేటా పత్రికలే రాస్తాయి. ఒక కోడి కాలికి కత్తి కట్టి విసిరేసే డబ్బుతో ఎంతమంది తల్లులు పది పాసవుతారో ఎవరైనా లెక్క వేశారా? డబ్బు లేక కాదండీ. తల్లి చదువు ఖర్చు పెట్టదగిన పద్దు అని మనకు తోచక.

ఆ ఖర్చు కూడా ఏమిటో చూడండి. సినిమాల్లో, నవలల్లో పెళ్ళయిన నాయిక పట్టుదలగా చదివి పట్టా పుచ్చుకుంటుంది. ఫీజు ఎవరు కట్టారో, పరీక్షనాడు పిల్లల్ని ఎవరు చూశారో ఎక్కడా ఉండదు. నిజం జీవితంలో ఫీజు చిన్న పద్దు. క్లాసుకు వెళ్ళిన రోజు పోయే కూలి పెద్ద పద్దు. బస్సు చార్జీ, పుస్తకాలు, చంటిపిల్లవాణ్ణి చూసే మనిషి, ఇవన్నీ పద్దులే. ఇతర దేశాల్లో ఈ లెక్క కట్టారు. అమెరికాలో 1972లో మొదలై తర్వాత 'పెల్ గ్రాంటు' అని పేరుపడ్డ సాయానికి వయసు పరిమితి లేదు. ఇంగ్లండులో కాలేజీలో చేరిన తల్లిదండ్రులకు పిల్లల్ని చూసుకునే ఖర్చుకు వేరే గ్రాంటు ఉంది. మనమేమో అమ్మను దేవతంటాం. దేవత కనుక బస్సు చార్జీ అక్కర్లేదనుకుంటాం!

అంచేత నేను అడిగేది మూడు ముక్కలు. ఒకటి, పిల్లల తల్లికి ఏ స్కాలర్‌షిప్పులోనూ వయసు పరిమితి ఉండకూడదు. రెండు, ఓపెన్ స్కూలు, దూరవిద్య చదివే తల్లికి రెగ్యులర్ వాళ్ళతో సమానంగా ఫీజు, పుస్తకాల ఖర్చు ఇవ్వాలి. మూడు, తరగతులూ పరీక్షలూ జరిగే రోజుల్లో పోయిన కూలీ, పిల్లల్ని చూసేవాళ్ళ ఖర్చూ భరించాలి. పిల్లవాడి హాజరుకు తల్లి ఖాతాలో డబ్బు వేయగలిగినవారు, తల్లి హాజరుకు తల్లి ఖాతాలోనే వేయలేరా? ఖాతా కొత్తగా తెరవనక్కర్లేదు కూడానూ.

సర్కారు కదిలేలోపు చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. పది కావలసినవాళ్ళకు రాష్ట్ర ఓపెన్ స్కూలు ఉంది, జాతీయ ఓపెన్ స్కూలు ఉంది. పద్నాలుగేళ్ళు దాటితే చాలు, పై వయసుకు హద్దు లేదు. జాతీయ సంస్థలో ఐదేళ్ళలోపు ఒక్కొక్క సబ్జెక్టే పాసవుతూ పూర్తిచేయవచ్చు. ఆడవాళ్ళకు ఫీజు కొంత తక్కువగా పెడుతూ వచ్చారు కూడా. డిగ్రీకి ఇగ్నో ఉంది. అక్కడ షెడ్యూల్డు కులాల, తెగల వారికి చాలా కోర్సుల్లో ఫీజు మినహాయింపు ఇస్తూ వచ్చారు. చేరేముందు ఆ ఏటికి ఉందా అని అడగండి. 1972 నుంచీ దూరవిద్య నడిపిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఎక్కడైనా "మీకు అర్హత లేదు" అంటే గమ్మున తిరిగి రావద్దు. దరఖాస్తు ఇచ్చి, ఏ నిబంధన కింద లేదో కాగితం మీద రాసి ఇమ్మనండి. నోటిమాటకు విలువ లేదు. అలాంటి కాగితాలు వంద పోగైతే ఏ శాసనసభ్యుడి బల్లమీదైనా పెట్టి, "ఇదిగోనండీ, మీ వందనం" అనవచ్చు.

చివరగా, మనబోటి గృహిణులకు ఒక మాట. మన మహిళా మండళ్ళు, క్లబ్బులు శ్రావణమాసంలో పేరంటాలు చేస్తాయి, జాకెట్టు ముక్కలు పంచుతాయి, మహిళా దినోత్సవంనాడు ముగ్గుల పోటీలు పెట్టి స్టీలు గిన్నెలు బహుమతిగా ఇస్తాయి. ఎవరింట్లోనూ స్టీలు గిన్నెలకు కరువు లేదు. ఈ ఏడు ఆ డబ్బుతో ఊళ్ళో ఒక్క తల్లికి, ఒకే ఒక్క తల్లికి, ఓపెన్ స్కూలు ఫీజు కట్టండి. పరీక్షల రోజుల్లో ఆవిడ పిల్లల్ని వంతులవారీగా మీ ఇళ్ళలో ఉంచుకోండి. అందుకు ఏ ఉత్తర్వూ అక్కర్లేదు.

ఎవరికి కట్టాలో తెలియదంటారా? రేపు పొద్దున్న మీ ఇంట్లో గిన్నెలు తోమడానికి వచ్చే ఆవిణ్ణి, "ఏమ్మా, ఏ క్లాసుదాకా చదివావు? ఎందుకు మానేశావు?" అని అడగండి. ఆవిడ గిన్నె కింద పెట్టి చెబుతుంది. వినండి. విన్నాక అయ్యో పాపం అని ఊరుకోకుండా, ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ ఎప్పుడో మీరు కనుక్కోండి.